ఎత్తిన చెయ్యి

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఆ వీధికి నంబరుంది గాని నంబరుతో ఎవరూ పిలవరు. ట్యాంకు వీధి అంటారు. ఈ చివర ఎమిలీ వాళ్ల క్వార్టరు, ఆ చివర నీళ్ల ట్యాంకు, మధ్యలో వరసగా పద్నాలుగు గేట్లు. రోజూ పొద్దున్న పదింటికి ఎమిలీ కూతురు ఏంజలిన్ ఆ పద్నాలుగు గేట్లనూ ఒక్కొక్కటే అరచేత్తో తట్టుకుంటూ ట్యాంకు దాకా వెళ్లి తిరిగొచ్చేది. పదకొండేళ్ల పిల్ల. మాట లేదు. ఆటిజం అని నాలుగో ఏటనే డాక్టర్లు చెప్పారు. చేర్చుకున్న స్కూళ్లు రెండూ నెల తిరక్కుండానే చేతులెత్తేశాయి. నడిచిన రోజు ఆ పిల్ల అన్నం తినేది, కంటినిండా నిద్రపోయేది. నడక తప్పిన రోజు తల గోడకేసి బాదుకునేది. తల్లే వెనకాల నడుద్దామంటే కుదరదు. తల్లి కనబడితే చాలు, మొదటి గేటుకు పరిగెత్తుకొచ్చి మళ్లీ మొదటినుంచి తట్టేది.

దానికి ఉపాయం కనిపెట్టింది కృపారావు. ఎమిలీ పక్క క్వార్టరే ఆయనది, అంటే వరసలో మొదటి గేటు. రైల్వే సిగ్నల్ కేబిన్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ముందు స్టేషను లైన్ క్లియర్ ఇస్తే తప్ప వెనక స్టేషను బండిని వదలదు, రైల్వేలో అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. వీధిలోనూ అదే పెట్టాడు. ఎమిలీ గేటు దగ్గర చెయ్యెత్తుతుంది. కృపారావు తన గేటు దగ్గర నిలబడి, పక్క గేటు వాళ్లు ఉన్నారని చూసుకుని, తనూ చెయ్యెత్తుతాడు. అప్పుడే పిల్ల బయల్దేరుతుంది. అలా చెయ్యి నుంచి చెయ్యికి ట్యాంకు దాకా వెళ్తుంది. ఆఖరి గేటు చిలకమ్మది. ఇంటిముందే పొయ్యి పెట్టి బోండాలు అమ్ముకునే చిలకమ్మ, చల్లారిన బోండా ఒకటి పిల్ల చేతిలో పెట్టి, భుజం పట్టి మెల్లగా ఇటు తిప్పేది. తిప్పితేనే ఆ పిల్ల తిరిగేది.

మొదట్లో ఆడవాళ్లు నవ్వారు. నెల్లాళ్లకు వాళ్లే గడియారం చూసి, "పదీ ఆరుకి నా గేటు దాటింది" అని రిపోర్టులిచ్చుకోవడం మొదలుపెట్టారు. ఈ ఏర్పాటుకు ఎవరూ రిబ్బను కత్తిరించలేదు, ఎవరికీ శాలువా కప్పలేదు. అందుకేనేమో నాలుగేళ్లు ఒక్క రోజు కూడా తప్పకుండా సాగింది.

జనవరిలో మూడో గేటులోకి దినకర్ వచ్చాడు. క్వార్టర్ల ఫైళ్లు నడిచే ఆఫీసులో సూపరింటెండెంటు. ఏప్రిల్ ఆఖర్న గేటుకు పచ్చరంగు వేయించాడు. తడి రంగు అరచేతికి అంటుకునేసరికి ఏంజలిన్ కేకలు పెట్టి, చెయ్యి విదిలించుకుంటూ పక్కనున్న స్కూటరు అద్దం పగలగొట్టింది. స్కూటరు మీద దినకర్ రెండేళ్ల కొడుకు కూర్చుని ఉన్నాడు. అద్దం ముక్క చెవి పక్కన గీసుకుంది. కన్నతండ్రి హడలిపోవడంలో తప్పు లేదు. ఆ హడలును కాగితం మీద పెట్టడంలోనే ఉంది తప్పంతా.

ఆదివారం సాయంత్రం వీధి వాళ్లను తన వరండాలో కూర్చోబెట్టాడు. ఎమిలీని పిలవలేదు.

"ఆ పిల్ల మీద నాకు కోపమేమీ లేదండీ. కానీ రేపు మీ చేతిలో ఉండగా పడితే, ఏ బండో గుద్దితే, రెస్పాన్సిబిలిటీ ఎవరిది? చెయ్యెత్తినవాడిదే కదా? అంకుల్, మీకు నేను చెప్పాలా?" అన్నాడు కృపారావు వైపు తిరిగి.

రెస్పాన్సిబిలిటీ అన్న మాటకు రైల్వే మనిషి వెన్ను జలదరిస్తుంది. చార్జిషీటు తిననివాడు కూడా తిన్నవాణ్ని చూసి ఉంటాడు. సోమవారం నుంచి ఆ పిల్ల నడకతో మాకు సంబంధం లేదు, పూర్తి బాధ్యత తల్లిదండ్రులదే అని కాగితం. టీచరు నాగవల్లి చదివి వినిపించింది. అందరూ సంతకాలు పెట్టారు. కృపారావు మూడో సంతకం. ఆయనుండే క్వార్టరు కొడుకు పేరనుంది, పైకప్పు కారుతోంది, మార్చమని పెట్టిన అర్జీ దినకర్ బల్ల మీదుంది. దినకర్ ఆ సంగతి ఎత్తనైనా ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు.

"ఎమిలీకి ఎవరు సెప్తారు?" అంది చిలకమ్మ.

అందరూ కృపారావు వంక చూశారు. ఆయన తలూపాడు. మీటింగు అయిపోయింది.

వెళ్లాడు కూడా. ఎమిలీ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. భర్త ఎబినేజర్ గూడ్సు గార్డు, నెలలో ఇంటిపట్టునుండేది తక్కువ. పిల్ల గచ్చు మీద కూర్చుని చెంచాలు పేరుస్తోంది.

"ఒకటి సెప్పనా బాబాయ్," అంది ఎమిలీ. "రోజు మొత్తంలో నేను తల దువ్వుకునేది ఆ ఇరవై నిమిషాలే. నువ్వు సెయ్యెత్తినావంటే నాకు ఊపిరొస్తాది. మా అమ్మ బతికున్నా ఇంత సెయ్యదు."

కృపారావు టీ తాగాడు. బాగుందన్నాడు. ఇంటికొచ్చేశాడు. రేపు తనే వెనకాల దూరంగా నడుస్తాను, రెండు మూడు రోజుల్లో మంచి మాట చూసి చెప్తాను అనుకున్నాడు. పిరికివాడు తనకు తను చెప్పుకునే అబద్ధాలన్నీ ఇంత బాగానే ఉంటాయి. వీధిలో ఎవరూ ఆయన్ను చెప్పినావా అని అడగలేదు. చెప్పే ఉంటాడనుకున్నారు.

సోమవారం పదింటికి ఎమిలీ చెయ్యెత్తింది.

కృపారావు రెండో గేటు వైపు చూశాడు. మూసి ఉంది. ఎమిలీ వైపు చూశాడు. దువ్వెన పట్టుకుని నవ్వుతోంది. ఆయన చెయ్యెత్తాడు.

ముప్పై నాలుగేళ్లలో ముందు లైను చూసుకోకుండా ఒక్క బండినైనా వదిలి ఎరగడు.

పిల్ల బయల్దేరింది. ఆయన పది బారల వెనక నడిచాడు. మూడో గేటు దగ్గర దినకర్ వరండాలో పేపరు మడిచి, ఆయన్ను చూశాడు.  కృపారావు జేబులు తడుముకుని, కళ్లజోడు మర్చిపోయినట్టు నటించి, వెనక్కి తిరిగాడు. రోజూ వెళ్లే దారే కదా, రోజూ వచ్చినట్టే వస్తుందిలే అనుకున్నాడు.

పదీ ఇరవైకి ఎమిలీ గేటు దగ్గరకొచ్చింది. వీధిలో పిల్ల లేదు. ఒక్క మనిషీ లేడు.

ఆమె కేకకు గేట్లన్నీ తెరుచుకున్నాయి. అబద్ధమెందుకు, అందరూ పరిగెత్తారు. దినకర్ కూడా ఆఫీసు మానేసి స్కూటరు మీద తిరిగాడు. ట్యాంకు వెనక గోడకు కన్నముంది, అవతల గూడ్సు లైన్లు, వాటికవతల గుడిసెలు. ఒంటిగంటన్నరకు అక్కడ దొరికింది. కరెంటు స్తంభానికి గంఛా తువ్వాలుతో రెండు చేతులూ వెనక్కి కట్టేసి ఉన్నాయి. వరసగా తలుపులు తట్టుకుంటూ వచ్చిందట. పేరడిగితే చెప్పలేదట. పట్టుకుంటే కరిచిందట. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాకు దారి చూపడానికొచ్చిందేమోనని అనుమానపడ్డారట. "మాకేం తెలుసు దీదీ, నోరు విప్పలేదు" అన్నారు వాళ్లు. చెప్పులెక్కడో పోయాయి. మే ఎండలో కంకర మీద నడిచిన పాదాలు బొబ్బలెక్కి పగిలిపోయాయి. పెదవి చిట్లింది. కట్లు విప్పాక కూడా చేతులు ముందుకు తీసుకోలేదు. అలాగే వెనక్కి పెట్టుకుని నిలబడింది.

సాయంత్రం అందరూ ఎమిలీ వరండాకు వచ్చారు. ఏం మాట్లాడాలో తెలియని రైల్వే వాళ్లు తమకు తెలిసిందే మాట్లాడారు.

"పదీ ఆరుకి మా గేటు తట్టింది. కిటికీలోంచి సూసినాను," అంది నాగవల్లి.

"మాది పదీ ఎనిమిది," అంది పక్కావిడ.

"పదీ పదకొండుకి నా కాడికొచ్చినాది," చిలకమ్మ ఏడుస్తోంది. "సెయ్యి సాపినాది. బోండా నా సేతిలోనే ఉన్నాది. సంతకం గుర్తొచ్చి తలుపేసుకున్నాను. కాసేపు నిలబడి అలగే ముందుకెల్లిపోనాది."

ఎమిలీ తలెత్తింది. "ఏ సంతకం?"

 నాగవల్లి, "నీకు బాబాయ్ సెప్పినాడు కదా," అంది.

ఎమిలీ కృపారావును చూసింది. తిట్టలేదు. తిట్టుంటే ఆయన ప్రాణం కొంత తెరిపిన పడేది.

"నువ్వు సెయ్యెత్తినావు కదా బాబాయ్?" అంది.

 ఆమె లోపలికెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు ఎబినేజర్ వచ్చి గేటుకు గొలుసు, తాళం వేశాడు. ఇప్పుడు పదింటికి ఏంజలిన్ తలకు కట్టుతో వచ్చి, తమ గేటునే లోపలి నుంచి తడుతుంది. పక్కింట్లో కృపారావుకు వినబడుతుంది. వద్దనుకున్నా లెక్కపెడతాడు. పద్నాలుగు. కాసేపు ఆగి మళ్లీ పద్నాలుగు. మధ్యాహ్నానికి గోడ చప్పుడు మొదలవుతుంది.

మూడో వారం కృపారావు దినకర్ ఇంటికెళ్లి కాగితం తీయించి తన పేరు కొట్టేశాడు. "ఠీక్ హై అంకుల్, మీ ఇష్టం," అన్నాడు దినకర్. ఆ కాగితం పట్టుకుని ఆయన గేటు గేటుకూ తిరిగాడు. ఎవరూ కాదనలేదు. పాపం పిల్ల అన్నారు, కళ్లు తుడుచుకున్నారు. మిగతావాళ్లు కొట్టేస్తే మేమూ కొట్టేస్తామన్నారు. చిలకమ్మ కూడా అదే మాట అంది. పద్నాలుగో గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి కాగితం మీద కొట్టేసిన పేరు ఒక్కటే.

మర్నాడు పదింటికి తన గేటు దగ్గర నిలబడ్డాడు. ఏంజలిన్ తాళం వేసిన గేటు వెనకాలకు వచ్చింది. తట్టలేదు. ఆయన్ను చూసింది. ఎన్నడూ ఎవరి కళ్లలోకీ చూడని పిల్ల, తల్లి ఎత్తినట్టే కుడిచెయ్యి పైకెత్తింది. మణికట్టు మీద గంఛా ఒరుసుకున్న గీత ఇంకా నల్లగానే ఉంది. వెనక వరండాలో ఎమిలీ దువ్వెన పట్టుకుని, కదలకుండా ఆయన్నే చూస్తోంది.

కృపారావు వీధి చివరిదాకా చూశాడు. ముందు పదమూడు గేట్లు. పదమూడూ మూసి ఉన్నాయి.

పిల్ల చెయ్యి దించలేదు. ఆయన చెయ్యి ఎత్తలేదు.