టీచరమ్మ అడగని కారణం

మా సాయంత్రం బడి రేపల్లె అవతల, చర్చి వసారాలో సాగేది. మా ఆయన పోయాక నేను అక్షరాలు దిద్దింది అక్కడే. చదువు చెప్పే దేవకుమారి టీచరు బాపట్లలో పై చదువు చదువుతూ, తన బడి మీద తనే పరిశోధన రాస్తోంది. ఆడవాళ్లు బడి ఎందుకు మానేస్తున్నారన్నది విషయం. శనివారానికి ఇవ్వకపోతే ఏడాది పోతుంది.

మానేసినవాళ్ల ఇళ్లన్నీ తిరగగా చివరికి పేరంటాలు ఇల్లు మిగిలింది. చేపల గంప మోసే మనిషి. నాకంటే ముందే గుణింతాలు పట్టేసి, ఉన్నట్టుండి మానేసింది. టీచరుకు తోడుగా నేనూ ఎండలో ఆ పాలెం దాకా నడిచాను.

పేరంటాలు ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఎందుకు మానేశావు పేరంటాలమ్మా? కళ్లు ఆనడం లేదా? ఇంట్లో వద్దన్నారా? పనెక్కువా? ఆసక్తి లేదా?"

"ఆసక్తి లేదనే రాసుకోండమ్మా. పాపం, ఎండన పడి వచ్చారు."

టీచరు రాసుకుంది. నాకు ఒళ్లు మండింది.

"ఏంటొదినా ఆ మాట? రేపల్లెలో బస్సు బోర్డులన్నీ నాకు చదివి చెప్పేదానివి!"

"నువ్వూరుకో వదినా. ఆవిడ అడిగినవాటిలో నాది లేదు."

"ఏంటది?" అంది టీచరు.

"గంగమ్మ కొలుపు మర్నాడు బడికి ప్రసాదం పులిహోర తెచ్చాను. విగ్రహాలకి పెట్టింది మేం తినం అన్నారు మీరు. తినమాకండి. మీ దేవుడు మీకు. అందరి ముందూ గోడవతల పారబోయించారే! కాకులు తిన్నాయిలెండి, వాటికి పట్టింపులు లేవు."

ఆ రోజు నేనూ వసారాలోనే ఉన్నాను, దానికే మానేసిందని తట్టలేదు.

"ఇప్పుడు పెట్టినా నేను తినలేను పేరంటాలమ్మా."

"తినమన్నానా? గిన్నె నా చేతికిచ్చేస్తే పోయేది."

తిరిగి వస్తూ టీచరు కాలవ వంతెన మీద కూలబడింది.

"అత్తా, కారణాలన్నీ నేనే రాశాను. అందులో నేను తప్ప అందరూ ఉన్నారు."

"ఇప్పుడేం చేస్తావమ్మా?"

"ఇది రాస్తే కాలేజీలో మా సారు, పరిశోధన కాదు, చర్చిలో చెప్పుకునే సాక్ష్యం అంటారు."

ఆసక్తి లేదన్న మాట కొట్టేసింది. పైన ఏదో రాసింది. కూడబలుక్కుని చదివాను. 'నా నమ్మకం కొద్దీ పారబోయించాను.'

సారు ఆ మాటే అన్నారు, తీసేయమన్నారు. ఆవిడ తీయలేదు. ఏడాది పోయింది. అయినా సాయంత్రమయ్యేసరికి వచ్చి, గొంతు జీరపోయినా అక్షరాలు చెప్పేది.

టీచరు రాసిన మాట పాలెం దాకా పాకింది. మళ్లీ గంగమ్మ కొలుపు అయింది. మర్నాడు పేరంటాలు వచ్చి వసారా చివర కూర్చుంది. చేతిలో పలక ఉంది, పులిహోర గిన్నె లేదు.