కమిలినవి ఇంటికి

ఆ ఇంట్లో జామకాయలకు కరువు లేదు. మంచి జామకాయ తిన్న మనిషికే కరువు. తోటలోంచి వచ్చిన కాయలన్నీ షెడ్డులో పొడవాటి బల్లమీద పోస్తారు. నున్నగా, మచ్చ లేకుండా ఉన్నవి కాగితం చుట్టుకుని అట్టపెట్టెల్లోకి పోతాయి. కమిలినవి, పిట్ట కొట్టినవి, ఒకపక్క మెత్తబడ్డవి ఇంటికి వస్తాయి. ఈ పద్ధతి పెట్టింది అత్తగారు. దీన్నొక పద్ధతని ఎవరూ అనుకోరు. ఊపిరి పీల్చడం లాగా అదీ జరిగిపోతూ ఉంటుంది.

కాపురానికొచ్చిన కొత్తలో కోడలు ఓసారి బల్లమీంచి నిగనిగలాడే కాయ తీసి కొరకబోయింది. అత్తగారు ఊరికే చూసింది. కోడలు కాయ తుడిచి పెట్టెలో పెట్టేసింది. అప్పట్నుంచి ఆవిడ చెయ్యి తిరిగింది కమిలిన కాయల మీదే. కత్తి ఇలా ఆనించి అలా తిప్పిందంటే పాడైన ముక్క ఊడి అవతల పడాల్సిందే.

ఇప్పుడు ఆ తోటకే గండం వచ్చింది. ఒకరు వేశారని ఇంకొకరు, వాళ్లు వేశారని వీళ్లు, దేశమంతా జామతోటలే అయ్యాయి. ఎవరిళ్లల్లో చూసినా జామకాయలే, ఎవరికి పెట్టినా వద్దనేవాళ్లే. కోడలి భర్త విసిగిపోయి తేల్చి చెప్పేశాడు. పొరుగుదేశంలో కొనేవాళ్లు దొరికితే సరి, లేకపోతే చెట్లన్నీ కొట్టించేసి ఆ చోట గోదాములు కడతాడు. తోటలో సగం అంట్లు కోడలు తన చేతుల్తో కట్టినవే. ఆ మాట విని ఆవిడ ఒకసారి తోటవైపు చూసింది. పైకి మాత్రం, "సరే, చూద్దాం" అంది.

పండ్ల ఎగుమతి సంఘంవాళ్లు పొరుగుదేశపు పెద్ద నగరంలో తాజా పండ్ల ప్రదర్శన పెట్టించారు. వీళ్లకూ ఒక బల్ల దక్కింది. ఇంటిల్లిపాదీ బయల్దేరారు. ఆ భాష కొంచెం వచ్చు కాబట్టి మాట్లాడే పని మరిదిది. అతన్ని ఇంట్లో అందరూ మైకు అంటారు, ఎందుకో అతను నోరు తెరిస్తే తెలుస్తుంది. పెట్టెలు మోసే పని భర్తది. కాయలు కోసి వచ్చినవాళ్లకు రుచి చూపించే పని కోడలిది. అందరి పనీ చూసే పని అత్తగారిది.

దారిపొడుగునా లారీ కుదిపిన కుదుపుకి కొన్ని కాయలు కమిలాయి. కోడలు పెట్టెలన్నీ విప్పి, కమిలినవి ఏరి, బల్లకింద గంపలో వేసుకుంది. మంచివి బల్లమీద గోపురంలా పేర్చింది. జనం రావడం మొదలవగానే కిందికి వంగి, గంపలోంచి ఒక కాయ తీసి, చకచకా బాగుచేసి, మిగిలిన ముక్కలు పళ్లెంలో సర్దింది. ఆ చేతులకు వేరే దారి తెలియదు మరి.

మైకు గొంతు సవరించుకున్నాడు. "రండి, రండి. తేనెలాంటి జామ. మా నేల అలాంటిది, మా నీళ్లు అలాంటివి."

జనం గోపురాన్ని చూసి ముచ్చటపడి దగ్గరికొచ్చేవాళ్లు. పళ్లెంలోంచి ముక్క తీసి నోట్లో వేసుకునేవాళ్లు. ఆ తర్వాత మర్యాదగా తల ఊపి, ఎక్కడ ఉమ్మాలా అని చూసుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. ఒకాయన మాత్రం పాపం మింగేశాడు. మైకు ఇంకాస్త పెంచాడు. నేల, నీళ్లు అయిపోయాక గాలిని కూడా పొగిడాడు. ముక్కలు ఎంత చప్పగా ఉంటే ఇతని మాటలు అంత తియ్యబడుతూ వచ్చాయి.

"నీ అరుపులకే పారిపోతున్నారురా వాళ్లు," అన్నాడు అన్న.

"నా అరుపులు కాదన్నయ్యా, నీ మొహం. అప్పిచ్చినవాడిలా నిలబడితే ఎవరొస్తారు?"

"ఇద్దరూ నోరు మూసుకోండి," అంది అత్తగారు. "ఇక్కడి జనానికి నాలుక లేదు. అంతే."

కోడలు ముక్కలు ఇంకా చిన్నవిగా కోసింది. ఒక్కో మనిషి వెనుదిరిగినప్పుడల్లా ఆవిడ కళ్లముందు ఒక్కో చెట్టు కూలుతోంది.

మధ్యాహ్నం దాటాక ఒకావిడ వచ్చింది. ఆ నగరంలో పెద్ద పెద్ద పండ్ల దుకాణాలన్నిటికీ సరుకు కొనిపెట్టేది ఆవిడేనని సంఘంవాళ్లు ముందే చెప్పి ఉన్నారు. సరిహద్దు వ్యాపారం చేసే మనిషి కాబట్టి వీళ్ల భాష కూడా బాగానే మాట్లాడుతుంది. వచ్చి, ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. నమలడం ఆపింది. గోపురం వైపు చూసి, పళ్లెం వైపు చూసింది.

"ఈ రెండూ ఒకే తోటవా?"

"ఒకే తోటండీ, ఒకే చెట్టు, ఒకే కొమ్మ," అన్నాడు మైకు.

ఆవిడ అతన్ని పట్టించుకోకుండా బల్ల పక్కకు వచ్చి కిందికి వంగింది. అక్కడ కోడలు గంప ముందు కూర్చుని, అరచేతంత మచ్చ ఉన్న కాయను శ్రద్ధగా చెక్కుతోంది.

"అమ్మా, ఏం చేస్తున్నారు?"

"రుచి చూడ్డానికి కోస్తున్నానండీ."

"మంచివి పైన ఉన్నాయి కదా?"

"అవి పెట్టెలోకండీ," అంది కోడలు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

అత్తగారు అందుకుంది. "మంచివన్నీ కోసి పెట్టేస్తే అమ్మడానికేం మిగులుతాయి?"

వచ్చినావిడ నడుంమీద చెయ్యి వేసుకుని, "మరి కొనేవాళ్లు రుచి చూసేది వీటినే కదా?" అంది. అప్పుడు అర్థమైంది కోడలికి. చేతిలో కత్తి ఆగిపోయింది. గొడ్డలి ఎవరి చేతిలోనో లేదు, పొద్దుట్నుంచి తోట కొడుతున్నది తనే.

"పైనుంచి ఒకటి కోయండి," అంది వచ్చినావిడ.

చెప్పినంత తేలిక కాలేదు. కోడలి చెయ్యి గోపురం మీద తచ్చాడింది. ఇది మరీ బాగుంది, అది మరీ గుండ్రంగా ఉంది. మొగుడూ మరిదీ కూడా చేతులు పెట్టి, ఉన్నవాటిలో కాస్త తక్కువదాని కోసం వెతికారు. చివరికి ఒకటి తీసి కోడలు కత్తి పెట్టింది. అలవాటు కొద్దీ ఒకపక్క ఏ పాపం ఎరగని ముక్క ఊడి అవతల పడింది.

"ముందు మీరు తినండి," అంది వచ్చినావిడ, అనుమానం తీరక.

కోడలు తింది. పళ్లకింద కరుక్కుమంది, తర్వాత నోరంతా తీపి. ఆవిడకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా నీళ్లు పెట్టింది తను, పురుగులు ఏరింది తను. ఈ రుచి మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్లకు.

"అత్తయ్యా, ఇది నిజంగా మన తోటదేనా?"

సరుకు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు అడగాల్సిన ప్రశ్న కాదది. అత్తగారు ఒక ముక్క తీసుకుని, మచ్చ ఎక్కడుందోనని తిప్పి తిప్పి చూసి, నోట్లో వేసుకుంది. భర్త ఒకటి తీసుకున్నాడు. మైకు ఒకటి తీసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట్లాడటం మానేశాడు. నలుగురూ ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా తిన్నారు. పళ్లెం ఖాళీ అయింది.

"మరి నాకో?" అంది వచ్చినావిడ.

గబగబా ఇంకొకటి కోశారు. ఆవిడ నిదానంగా తింది. ఇంకొకటి కోయమంది. ఆ తర్వాత చేతులు తుడుచుకుని, బల్లమీదవన్నీ ఇప్పుడే తన దుకాణాలకు పంపమని, కాపు ఉన్నన్నాళ్లూ వారం వారం లారీ పంపమని చెప్పింది. "నేనైతే మీరు తింటున్నప్పుడే కొనేశాను," అంది.

భర్త హడావిడిగా గోపురం విప్పి పెట్టెలకెత్తి, ఆవిడ తెప్పించిన తోపుడుబండి మీదికి చేర్చసాగాడు. చెట్లు కొట్టించే మాట ఆ ఇంట్లో అంతటితో చచ్చింది. అన్నీ ఎక్కించాక ఒక పెట్టె మిగిలింది. దానిమీద అత్తగారు కూర్చుని ఉంది.

"లేమ్మా. అది కూడా పంపాలి," అన్నాడు పెద్దకొడుకు.

"ఇది ఇవ్వను."

"మాటిచ్చాం కదమ్మా. ఆవిడ ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ. ఆ తోట మీ నాన్న వేశాడు. పోయేదాకా నేను పెట్టిన కమిలినవే తిన్నాడు. ఒక్కనాడు కూడా మంచిది పెట్టమని అడగలేదు, నేనూ పెట్టలేదు." అత్తగారు పెట్టె అంచు గట్టిగా పట్టుకుంది. "నేను ఆయనలా పోనురా."

తోపుడుబండి పక్కనున్నావిడ, ఆ పెట్టె వదిలేయమని చేత్తోనే సైగ చేసింది. కోడలు వెళ్లి అత్తగారిని కాస్త జరగమని పక్కన కూర్చుంది. ఇద్దరి బరువుకూ అట్టపెట్టె కిర్రుమంది.

"నెమ్మది," అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. "లోపల కాయలు కములుతాయి."