ముడి కింది చిగురు

మా బావకి చెట్ల గురించి తెలిసింది ఒక్కటే, అడ్డమొస్తే కొట్టెయ్యాలని. అలాంటి మహానుభావుడి చేతికి నర్సరీ వచ్చింది. నాన్న పోతూ అక్క పేరున పెట్టాడు. అక్క తనదైతే అక్క పేరున ఉన్నదీ తనదే అనుకున్నాడు బావ. నేను రెండోదాన్ని, పెళ్లి చేసుకోలేదు. పన్నెండేళ్లప్పుడు అంటుకత్తి పట్టుకుని నాన్న పక్కన కూర్చున్నాను, కూర్చున్నట్టే ఉండిపోయాను. పనివాళ్లంతా నన్ను అంటు పిన్ని అంటారు. నా ముందర మర్యాదగానే అంటారు, వెనక ఏమంటారో నాకు అనవసరం.

అంటంటే ఏమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. టెంక పాతితే మామిడి మొక్క మొలుస్తుంది. దాని కాయ పులుపో చప్పనో, దాని ఇష్టం. అందుకని లేతగా ఉన్నప్పుడే దాని తల కోసి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లని అతికించి కడతాం. అతుక్కున్నచోట ఒక ముడి పడుతుంది, అది చెట్టు చచ్చేదాకా ఉంటుంది. ముడి పైనంతా మంచి చెట్టు. ముడి కింద మాత్రం ఆ పాత టెంక మొక్కే. కింద నుంచి చిగురేస్తే గిల్లి పారెయ్యాలి. నాన్న నాకు కత్తి కంటే ముందు ఆ గిల్లడమే నేర్పాడు.

గేటు పక్కన నాన్న కట్టిన చెట్టు ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో గాలివానకి కూలిపోయిన చెట్టు నుంచి ఒక్క పుల్ల తెచ్చి కట్టాడట. ఆ రకం ఇంకెక్కడా లేదు. కాయ పెద్దదేం కాదు, కోస్తే మాత్రం గదంతా వాసన. పుల్లలు ఇమ్మని ఎవరడిగినా, "ఇంకా దీన్ని నేనే పూర్తిగా చూడలేదు" అనేవాడు నాన్న. నలభై ఏళ్లు చూశాడు, తనివి తీరలేదు. చెట్టు తొర్రలో ఏటా ఒక గోరింకల జంట కాపురం పెట్టేది.

బావ కొత్తగా లారీ కొన్నాడు. గేటు దగ్గర మలుపు తిరగడం లేదన్నాడు. చెట్టు నిండా కాయలున్న రోజుల్లో, ఒక ఉదయం రంపం మనిషిని పిలిపించాడు.

నేను పరుగున వెళ్లాను. "బావా, తొర్రలో పిల్లలున్నాయి. పది రోజులు ఆగు, ఎగిరిపోతాయి. కాయలూ దింపుకుందాం. తర్వాత నీ ఇష్టం."

"పిట్టలకోసం లారీ ఆపమంటావా? నవ్విపోతారు."

"నాన్న చెట్టు బావా అది!"

"మీ నాన్న పోయాడు. నువ్వు నోరు మూసుకుని అంట్లు కట్టుకో మరదలా. ఏది ఉంచాలో ఏది కొట్టాలో నేను చూసుకుంటా."

రంపం మనిషి చెట్టు చుట్టూ తిరిగి, "ఎంత ఎత్తున కొయ్యమంటారు?" అని అడిగాడు. నేలకి జానెడు పైన ముడి ఉబ్బుగా కనిపిస్తూనే ఉంది. బావ దాని మీదే కాలు పెట్టి, "నేలమట్టానికి కొయ్యి. చక్రానికి తగలకూడదు" అన్నాడు.

చెట్టు పడింది. పచ్చికాయలు గేటు అవతలిదాకా దొర్లాయి. తల్లి గోరింక కరెంటు తీగ మీద కూర్చుని సాయంత్రందాకా అరుస్తూనే ఉంది. తొర్రలోంచి నాలుగు పిల్లల్ని తీశాను. ఈకలు కూడా సరిగా రాలేదు. చెప్పుల పెట్టెలో గుడ్డలు పరిచి ఇంటికి తీసుకెళ్లాను, పురుగులేరి పెట్టాను. నాలుగో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. మా బావ నాశనమైపోవాలని ఆ రోజు నోరారా అనుకున్నాను. అబద్ధమెందుకు, అనుకున్నాను.

చెట్టు పడిన సాయంత్రమే ఇంకో పనీ చేశాను. వాడిపోకముందే పై కొమ్మల నుంచి పుల్లలు కోసి, తడిగుడ్డలో చుట్టి పట్టుకెళ్లాను. మా పెరట్లో తొర్ర పడిన ముసలి టెంక మామిడి ఒకటి ఉంది, దాని లేత కొమ్మల మీద కట్టాను. పది కడితే మూడు పట్టాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నెల తిరక్కుండా పళ్ల వ్యాపారి వచ్చాడు. "గేటు దగ్గరి చెట్టు పళ్లేవండీ? పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు అవే కావాలని కూర్చున్నారు. తోట వేశారంటే మీకిక తిరుగులేదు" అన్నాడు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పండు ఆయన ఎప్పుడూ నోట పెట్టి ఎరగడు. ఇంట్లో చెట్టుదేగా, ఎప్పుడైనా తినొచ్చులే అనుకునే రకం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఆ తర్వాత వానలు పడ్డాయి. మొద్దు చుట్టూ ఎర్రగా చిగుళ్లు లేచాయి. బావ వాటి చుట్టూ కంచె కట్టించాడు. తానే బకెట్టుతో నీళ్లు పోశాడు. అవి వేలంత లావయ్యాక నన్ను కేకేశాడు.

"చూశావా? చచ్చిపోయింది, చచ్చిపోయింది అని గగ్గోలు పెట్టావు! మీ నాన్న చెట్టు బతికే ఉంది. వీటితో నాలుగొందల అంట్లు కట్టు. ఒక్కటి కూడా బయటికి పోకూడదు. తోటంతా నాకే."

మొద్దు వైపు చూశాను. ముడి కింద కోసిన మొద్దు అది. ఆ చిగుళ్లు నాన్న తల కోసిపారేసిన టెంక మొక్కవి. నలభై ఏళ్లు భూమిలో అణిగి ఉండి, బావ పుణ్యమా అని ఇప్పుడు తల ఎత్తాయి. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట నాలుకదాకా వచ్చింది కూడా. నోరు మూసుకున్నాను. అంట్లు కట్టాను.

నాలుగొందలూ శుభ్రంగా కట్టాను. ఒక్కటి ఎండలేదు. నా జన్మలో అంత శ్రద్ధగా ఎప్పుడూ కట్టలేదు.

ఏడేళ్లు. బావ తోటకి బావి తవ్వించాడు, కంచె వేయించాడు, కాపలా పెట్టాడు. చెట్లు ఏపుగా పెరుగుతుంటే పొంగిపోయేవాడు. "నీ చెయ్యి మంచిది మరదలా" అనేవాడు. జాలి వెయ్యలేదా అంటారేమో. వెయ్యలేదు. జాలి వేసేలా ఉంటే చెప్పుల పెట్టె గుర్తు చేసుకునేదాన్ని.

మా పెరటి చెట్టుకి కట్టిన ఆ మూడు కొమ్మలూ నాలుగో ఏటే కాశాయి, దాని తొర్రలో గోరింకలూ కాపురం పెట్టాయి. మొదటి పండు కోస్తుండగా అక్క వచ్చింది. వాసన తగలగానే గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక మెట్టు మీద కూర్చుంది. ఒక ముక్క తింది, ఇంకో ముక్క తింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"మరి తోటలోవి?" అంది.

"ముడి కిందివి" అన్నాను.

అక్క కూడా నాన్న కూతురే, రెండోసారి చెప్పాల్సిన పని లేదు. చేతులు కడుక్కుంది, కొంగుతో మొహం తుడుచుకుంది, ఇంటికెళ్లిపోయింది. మొగుడితో ఒక్క ముక్క అనలేదు. ఏటా పళ్ల రోజుల్లో వచ్చి ఆ మెట్టు మీదే కూర్చునేది.

ఏడో ఏట తోట కాసింది. పళ్ల వ్యాపారిని వెంటబెట్టుకుని వెళ్లాడు బావ. మొదటి పండు తనే కొరికాడు. మొహం వంకర్లు పోయింది. ఉమ్మేసి ఇంకోటి కొరికాడు, మరో చెట్టుది కొరికాడు. అన్నీ ఒకటే పులుపు, నోరంతా పీచు. వ్యాపారి నవ్వాపుకోలేక కంచె దాటి వెళ్లిపోయాడు. గోరింకలూ చిలకలూ మాత్రం తోటంతా తమదే అన్నట్టు వాలిపోయాయి. వాటికి పులుపు పట్టింపు లేదు.

బావ తిన్నగా మా ఇంటికొచ్చాడు. తలుపు తట్టకుండా పెరట్లోకే వచ్చాడు. అక్కడ అక్క మెట్టు మీద కూర్చుని పండు తింటోంది.

"నీకు తెలుసా?" అని నా మీదికి వచ్చాడు.

"తెలుసు. ముడి మీద కాలు పెట్టి మరీ దాని కింద కోయించావు. కింద నుంచి వచ్చేది టెంక మొక్కే."

"మరి చెప్పొద్దూ!"

"నోరు మూసుకుని అంట్లు కట్టుకోమన్నావుగా బావా."

అక్క లేవలేదు. పండులో టెంక ఉన్న సగం కోసి మొగుడి చేతికిచ్చింది. ఏం తోచక నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. ఏళ్ల తరబడి తన గేటు మీద వేలాడిన పండు అప్పుడు తిన్నాడు ఆయన. అక్క పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు. అది చూడ్డానికే నేను ఏడేళ్లు బతికాను, చూశాను.

కాసేపటికి చెట్టుకేసి చూసి, "నాలుగు పుల్లలు ఇయ్యి మరదలా" అన్నాడు.

"పది రోజులు ఆగు బావా. తొర్రలో పిల్లలున్నాయి."

ఆయన లేచి వెళ్తూ, ఎవరూ చూడలేదనుకుని, చీకేసిన టెంకని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఇంత జరిగాక కూడా! టెంక పాతితే ఏం మొలుస్తుందో ఆయనకి ఇంకా ఎక్కలేదు. అక్క నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను. ఇద్దరం నోరు మూసుకున్నాం.