డిస్కు చక్రానికి గాలి

నలభై ఏళ్ల కాపురంలో ఆర్డిస్ టోలెఫ్‌సన్ మొగుడికి చెప్పిన అబద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చాలావరకు పుట్టినరోజు కానుకల గురించినవే. ఈ వేసవిలో చెప్పింది మాత్రం సైకిలు చక్రం గురించి. తనకు దానికి గాలి కొట్టడం రావడం లేదని.

మామూలు చక్రమైతే చిన్నపిల్లలు కూడా కొడతారు. ఆర్డిస్ పందాలకు వాడే వెనక చక్రం డిస్కు. ఊచలు ఉండవు, పళ్లెంలా రెండు వైపులా మూసుకుపోయి ఉంటుంది. వాల్వు దగ్గర మాత్రం రెండు వేళ్లు పట్టేంత కన్నం. పంపు మూతి అందులో దూరదు. పోనీ ముందే కొట్టి పెట్టుకుందామంటే ట్యూబు మరీ పలచన, రాత్రి నిండుగా కొట్టినా తెల్లారేసరికి దిగిపోతుంది. పందెం రోజు పొద్దున్నే కొట్టుకోక తప్పదు.

ఇరవై రెండేళ్లుగా ఆ పని వెండల్‌ది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే పందెంలో ఈదేవారు, తొక్కేవారు, పరిగెత్తేవారు. సైకిళ్లుంచే ఆవరణలో ఇద్దరి చక్రాలకూ ఆయనే గాలి కొట్టేవాడు. పాల కేంద్రంలో యంత్రాలు బాగుచేసిన చేతులవి. రెండేళ్ల కిందట వాటికి వణుకు పట్టుకుంది. ఇది నెమ్మదించవచ్చు గానీ పోదని డాక్టరు చెప్పాడు. ఈసారి వెండల్ పేరివ్వలేదు. పేరివ్వనివాళ్లను, వాళ్లెంత పాతకాపులైనా సరే, ఆ ఆవరణలోకి రానివ్వరు. చేతికి పట్టీ ఉంటేనే లోపలికి.

అందుకే ఏప్రిల్‌లోనే ఆయన పెళ్లానికి పాఠాలు మొదలుపెట్టాడు. పంపుకు తగిలించే మూతులు మూడు రకాలు తెప్పించి గరాజులో బల్ల మీద పరిచాడు. మొదటిదానికి మీట ఉంది. అది పైకి లేవాలంటే కన్నం అంచు అడ్డం. రెండోది మర తిప్పి బిగించేది. బాగానే పట్టింది గానీ, విప్పేటప్పుడు వాల్వు లోపలి పిన్నును కూడా ఊడబెరుక్కొచ్చింది. కొట్టిన గాలంతా బుస్సుమంది. మూడోది పొట్టి వంకర గొట్టం. మీటా లేదు, మరా లేదు.

"ఇదే నీకు సరిపోద్ది," అన్నాడు వెండల్. "టైరు పైనుంచి వాల్వుకి ఎదురుగా బొటనవేలు ఆనించు. లేకపోతే వాల్వు లోపలికి పోద్ది. ఇప్పుడు గొట్టం తిన్నగా నొక్కు. దిగిందా, ఇక దానంతటదే నిలబడుద్ది."

వారం తిరక్కుండా ఆర్డిస్ నేర్చేసుకుంది. ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు గరాజులోకి పోయి పదిసార్లు కొట్టి, పదిసార్లు తీసేసింది. ఆయన ఎదుట మాత్రం కావాలనే గొట్టాన్ని కాస్త పక్కకు పట్టేది. గాలి కారిపోయేది.

"ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు తోలినదానివి, ఇంత గొట్టానికి లొంగిపోయావా? ఇలా తే," అని వెండల్ లాక్కునేవాడు. వణికే చేత్తో దాన్ని వాల్వు మీదికి దించడానికి ఐదు నిమిషాలు పట్టేది. దిగాక ఆయన మొహం చూడాలి. గడ్డి కోసే యంత్రం వదిలేశాడు, గడ్డం గీసుకునే కత్తి వదిలేశాడు, ఈ ఒక్క పనైనా మిగలనీ అనుకుంది ఆర్డిస్. జాలి గొప్పదే, కానీ అడక్కుండా పెట్టే జాలి ఎదుటివాడికి ఎక్కడ గుచ్చుకుంటుందో ఆవిడ ఆలోచించలేదు.

పందెం ఉదయం సరస్సు మీద ఇంకా మంచు విడలేదు. చేతి మీద అంకె రాయించుకుని, ఆర్డిస్ కావాలనే కంచె పక్కన సైకిలు తగిలించింది. చక్రం ఊడదీసి కంచెకు ఆనిస్తే, అవతల నుంచి వెండల్ కడ్డీల మధ్యగా చేతులు పెట్టి కొడతాడని ఆవిడ లెక్క. ముందు మరుగుదొడ్డి వరసలో నిలబడి వచ్చింది. వచ్చేసరికి వెండల్ కంచె అవతల నిలబడి, ఇవతలున్న, పందేనికొచ్చిన ఒక బట్టతలాయనతో మాట్లాడుతున్నాడు.

"మీకు శ్రమ కాకపోతే, మా ఆవిడ చక్రానికి కాస్త గాలి కొట్టి పెడతారా అండీ?"

"దానికేముందండి. కొడతా."

"వచ్చే ఏడు కూడా మీరొస్తే కొంచెం చూడండి. మూడు నెలల్నించీ నేర్పుతున్నా, రావట్లేదు. నాకు నిద్ర పట్టట్లేదండీ. నా చేతులు పూర్తిగా పనికిరాకుండా పోతే ఆవిడ ఇవన్నీ మానేసి నా పక్కన కూచుంటది. అదే నా భయం."

ఎవరినీ ఏనాడూ ఏదీ అడిగి ఎరగని మనిషి. ఆర్డిస్‌కు తల కొట్టేసినట్టయింది.

దగ్గరికి వచ్చి, టైరు మీద బొటనవేలు ఆనించి, వంకర గొట్టాన్ని ఒక్క నొక్కుడులో దించింది. చుక్క గాలి పోలేదు. లేచి నిలబడి పంపు కొట్టింది. బట్టతలాయన ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి వెండల్ వైపు చూసి, తన సైకిలు దగ్గరికి వెళ్లిపోయాడు.

"ఎంతుంది?" అన్నాడు వెండల్, పంపు మీది ముల్లు కనపడక.

"తొంభై అయిదు."

"రోడ్డు తడిగా ఉంది. తొంభై చాలు."

ఆర్డిస్ గొట్టం ఊడదీసి, వేలి కొసతో వాల్వు మీద తట్టి కాస్త గాలి వదిలింది.

"ఎప్పుడొచ్చింది నీకు?"

"ఏప్రిల్‌లోనే."

"మరి రోజూ ఆ నాటకమేంటి?"

"నీకు ఆ పనైనా ఉంటదని."

వెండల్ కంచె కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. కోపం వచ్చిందేమో అనుకుంది. వచ్చే ఉంటుంది కూడా.

"నాకు పని ఉండాలని నా నిద్ర చెడగొట్టావన్నమాట."

"తప్పయిపోయింది వెండల్."

"అయింది. సరేలే." ఆయన ఊపిరి వదిలాడు. కళ్లు తడిగా ఉన్నాయి, మూతి నవ్వుతోంది. "ఇక నేను నిశ్చింతగా జబ్బు పడొచ్చు."

మైకులో అరవై దాటిన ఆడవాళ్లను నీళ్ల దగ్గరికి రమ్మంటున్నారు. కడ్డీల మధ్య నుంచి ఆయన చెయ్యి పట్టుకుంది. అది వణుకుతూనే ఉంది. వణుకు ఆగేదాకా పట్టుకుని ఉందామంటే అది ఆగేది కాదు. వణుకుతుండగానే ముద్దు పెట్టుకుని, సరస్సు వైపు నడిచింది.