ఆపద ఉందా, లేదా?

మేం కొట్లాడి తెచ్చుకున్న చట్టం కింద మొట్టమొదట సంకెళ్లు పడింది మా అన్న చేతులకే. చమురు కంపెనీకి కాదు, ఓడ యజమానికి కాదు, రేవులో కంపెనీ వ్యవహారాలు చూసే ఏజెంటుకి అంతకన్నా కాదు. పెద్ద ఓడల్ని లాగే టగ్గు మీద తాడు చుట్టే యంత్రం దగ్గర పనిచేసే మా అన్నకి. పట్టపగలు, రేవంతా చూస్తుండగా, గ్రీజు మరకల చొక్కాతోనే పోలీసులు జీపెక్కించారు. నేను రేడియో గది కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆ గదిలో కూర్చుని ఓడలతో మాట్లాడటం నా ఉద్యోగం.

తోటి కార్మికులారా, చదువుకునే పిల్లలారా, ఇదెలా జరిగిందో వినండి.

మా తీరమంతా బురదనేల, మడచెట్లు. ఆ చెట్ల వేళ్ల మధ్యే చేపలు గుడ్లు పెడతాయి, గుల్లలు పెరుగుతాయి. ఒకప్పుడు ఒక ఓడ అడుగు చిరిగి చమురు కారితే ఊరు ఊరంతా పస్తులుంది. ఆ తర్వాత రోడ్లెక్కాం, లాఠీలు తిన్నాం, చివరికి చట్టం వచ్చింది. సముద్రంలో గీసిన ఒక గీత దాటి చమురు ఓడలు లోపలికి రాకూడదు. ఆ రోజు రేవులో ఎగిరి గంతులేశాం. చట్టం చివరి పేజీ మాత్రం కంపెనీ వకీళ్లే చదివారు. ఆపదలో ఉన్న ఓడకి ఈ గీత వర్తించదని, అలాంటి ఓడకి సాయం నిరాకరిస్తే నేరమని అందులో ఉంది. మంచి మాటే. సముద్రం మీద బతికేవాళ్లెవరూ కాదనరు.

ఇంకేముంది, సముద్రంలో ఉన్న ప్రతి ఓడకీ జబ్బు చేసింది. ఒకదానికి ఇంజను ఆగిపోతుంది, ఇంకొకదానికి చుక్కాని తిరగదు. ఎక్కడి నుంచో హాయిగా వచ్చిన ఓడకి సరిగ్గా గీత దగ్గరే ప్రాణం మీదికొస్తుంది. టగ్గు వెళ్లి తాడు కట్టి లాక్కొస్తుంది. చమురంతా గొట్టాల్లోకి దించాక ఒంట్లో బాగైపోయి, ఓడ దర్జాగా వెళ్లిపోతుంది. ఆపద అని చెప్పే కెప్టెన్ల గొంతులో భోజనం చేసి కూర్చున్న తీరిక నాకు వినిపించేది.

ఒకరోజు అన్న తాడు వెయ్యనన్నాడు. "ఇది దొంగేడుపు. నేను కదలను పో!" అని రేడియోలో నాకే చెప్పాడు. ఆ ఓడ కెప్టెన్ కోర్టుకొచ్చి, తన మనుషుల ప్రాణాలు గాల్లో దీపాలయ్యాయని కళ్లు తుడుచుకున్నాడు. అన్నకి బెయిలు కూడా రాలేదు.

పని దిగాక తాళ్ల షెడ్డులో మీటింగు పెట్టుకున్నాం. టగ్గుల వాళ్లు, గుల్లలేరే ఆడవాళ్లు, మాకు కోర్టు పనుల్లో సాయం చేసే లా చదివే అమ్మాయి, అందరూ వచ్చారు. మా వదిన మోకాళ్ల దాకా బురదతో నేరుగా పనిలోంచే వచ్చింది.

"రేపట్నుంచి ఒక్క టగ్గు కూడా కదలకూడదు!" అన్నాడు ఇంజను డ్రైవరు.

"కదలకపోతే అందరం లోపలికే. వాళ్లు వేరే రేవు నుంచి టగ్గులు తెచ్చుకుంటారు," అన్నాడు వెనక నుంచి ఎవరో.

టగ్గు నడిపే సరంగు ముందుకొచ్చాడు. "జైలు సంగతి అలా ఉంచండ్రా. ఒక్క పిలుపు నిజమైతే? అక్కడ మనుషులు నీళ్లు మింగుతుంటే మనం ఇక్కడ చేతులు కట్టుకు కూర్చుంటామా? నా వల్ల కాదు. పిలిస్తే నేను పోతాను."

వదిన లేచింది. "పోయి మా నోట్లో మట్టి కొడతావా మావా? దీనికోసమేనా నా మొగుడు జైల్లో కూర్చుంది?"

"మరేం చెయ్యమంటావో నువ్వే చెప్పమ్మా!"

"పై కోర్టుకి వెళ్దాం," అంది లా చదివే అమ్మాయి.

"ఎన్నాళ్లు పడుతుందమ్మా?" అడిగాడు సరంగు.

"చెప్పలేను మావయ్యా."

ఆ షెడ్డులో గాలి ఆడటం మానేసినట్టుంది. పోతే ఊరు పోతుంది. పోకపోతే మనిషితనం పోతుంది, పైగా జైలు. కంపెనీ మమ్మల్ని మా చెడ్డతనంతో కట్టెయ్యలేదు, మా మంచితనంతోనే కట్టేసింది. ఆ కోపం నాకిప్పటికీ చల్లారలేదు.

"అయినా నాకు తెలీకడుగుతాను," వదిన కసిగా అంది. "అంత ఆపదే అయితే ముందు మనుషుల్ని కదా దింపాలి? ఓడని ఎందుకు లాక్కురావడం? ఏనాడైనా ఒక్కడైనా దిగాడా?"

ఒకరిద్దరు నవ్వారు. సరంగు నవ్వలేదు. "అయితే దింపుదాం," అన్నాడు.

"వాళ్లు మేం దిగం అంటే?"

"దిగం అంటే ఆపద లేనట్టే. వచ్చిన దారినే పొమ్మందాం."

లా చదివే అమ్మాయి అప్పటికే చట్టం తిరగేస్తోంది. "సాయమంటే మొదట ప్రాణాలు కాపాడటమే. ఇందులో అలాగే ఉంది. కెప్టెన్ తన నోటితో ఆపద లేదన్నాడంటే, ఈ పిలుపులు దొంగవని తేలి అన్నయ్య మీద కేసు కూడా నిలవడం కష్టం."

అందరూ నా వైపు చూశారు. ఆ మాట కెప్టెన్ చేత చెప్పించాల్సిన దాన్ని నేనే.

మళ్లీ పిలుపొచ్చిన ఉదయం, ఓడా అన్నని జైలుకి పంపినదే, కెప్టెనూ అతనే. "ఆపద. ఇంజను ఆగింది." నేను ఎప్పటిలాగే టగ్గుకి అందించాను. టగ్గు కదిలింది. దాని వెనకే గుల్లలేరే పడవలన్నీ కదిలాయి.

ఏజెంటు గదిలోకి దూసుకొచ్చాడు. "ఏంటా పడవలన్నీ?"

"సాయానికి పోతున్నాయి సార్."

రేడియోలో సరంగు గొంతు. "ఓడ పక్కకొచ్చాం. నిచ్చెన వెయ్యమను. అందర్నీ దింపేస్తాం."

"ఎవరూ దిగక్కర్లేదు, తాడు కట్టండి," అన్నాడు కెప్టెన్.

నేను మైకు దగ్గరికి లాక్కున్నాను. "కెప్టెన్ గారూ, మీ మనుషులకి ఆపద ఉందా, లేదా? ఉంటే అందరూ దిగాలి. లేకపోతే గీత అవతలే ఆగాలి. మీ జవాబు రికార్డవుతోంది. అన్ని ఓడలూ వింటున్నాయి."

ఏజెంటు మైకు మీదికి చెయ్యి చాచాడు. నేను రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. రేడియో గరగరలాడుతోంది. లేదను, ఆ ఒక్క మాట అను, మా అన్న ఇంటికొస్తాడు అని నాలో నేను బతిమాలుకున్నాను.

"ఆపద ఉంది," అన్నాడు కెప్టెన్. చమురు లోపలికి రావాలంటే వాడికి ఆ మాట తప్ప గతి లేదు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "అయితే దించండి," అన్నాను మైకులో.

తర్వాతిది ఆ పడవల్లో ఉన్న వదిన చెప్పింది. సరంగు ముందు ఓడ చేత లంగరు వేయించి, అది అటూ ఇటూ కదలకుండా టగ్గు తాడుతో పట్టించాడట. అప్పుడు పైకి చూసి కేకేశాడట. అందరికన్నా ముందు వంటవాడు దిగాడట, అదీ సంచి సర్దుకుని మరీ. ఆ నావికుల పని ఒప్పందం ముగిసి నెలలు గడిచినా కంపెనీ వాళ్లని ఇళ్లకి పంపలేదు, ఒడ్డున కాలు పెట్టనివ్వలేదు. "మన భాష ఒక్క ముక్క రాదు. చెయ్యి ఊపితే చాలు, బడి వదిలిన పిల్లల్లా దిగిపోయారు," అంది వదిన. పైన టోపీ పెట్టుకున్న కెప్టెన్ ఒక్కడు మిగిలాడు. పంపు తిప్పేవాడు లేడు, గొట్టం బిగించేవాడు లేడు. చమురు చమురులాగే ఓడలో ఉండిపోయింది.

మధ్యాహ్నానికల్లా సరంగుని, వదినని, నన్ను అరెస్టు చేశారు. ఓడని అడ్డగించామట. అనుమతి లేకుండా ఒడ్డెక్కారని ఆ నావికుల్ని కూడా తెచ్చి రేవు స్టేషన్‌లో మాతోపాటే ఒక గదిలో కుక్కారు. కాళ్లు చాపుకునే చోటు లేదు. వంటవాడు తన సంచి వదిన వైపు జరిపి కూర్చోమని సైగ చేశాడు.

"ఆయన్ని బయటికి తెద్దామనుకుంటే నేనే లోపలికొచ్చాను," అంది వదిన. అన్న జైల్లో, మేం ఇక్కడ, మిగతా చమురు ఓడలు తమ వంతు కోసం గీత దగ్గర వరసగా. ఇంత చేసీ ఏం సాధించామని నా మీద నాకే అసహ్యం వేసింది.

స్టేషన్ టేబుల్ మీద కూడా ఒక రేడియో ఉంది. దాంట్లోంచి ఒక గొంతు వచ్చింది. అది ఏ కెప్టెన్‌దీ కాదు. వచ్చీరాని ఇంగ్లీషు. "ఆపద. మేం పనివాళ్లం. జబ్బు మనిషి ఉన్నాడు. మందు లేదు. మమ్మల్ని దింపండి." అది ఆగకముందే ఇంకో ఓడ నుంచి ఇంకొకడు. "ఇక్కడ కూడా. దింపండి." వంటవాడు లేచి చువ్వలు పట్టుకున్నాడు.

రేడియో గదిలో నా కుర్చీలో ఇప్పుడు ఏజెంటే కూర్చున్నాడని తర్వాతి గొంతు వినగానే తెలిసింది. "అన్ని టగ్గులూ వినండి," అని అరిచాడు. "అవి దొంగ పిలుపులు. ఎవరూ వెళ్లడానికి వీల్లేదు. ఇది ఆర్డర్."

కిటికీ అవతల ఒక టగ్గు ఇంజను అందుకుంది. దాని వెనకే ఇంకొకటి. స్టేషన్ గోడలు అదిరాయి.

నేను చువ్వల దగ్గరికి వెళ్లి స్టేషన్‌లో కేసులు రాసుకునే రైటర్‌ని పిలిచాను. "సార్, సాయం నిరాకరించడం నేరం. మా అన్న మీద పెట్టిన కేసదే. ఏజెంటు మాట మీరూ విన్నారు, రాసుకోండి."