గోడ సందులో సూది

నేను ఒక సిరంజిని. యంత్రం నన్ను కని, కవరులో చుట్టి, పైన "ఒక్కసారి వాడి పారేయాలి" అని అచ్చు వేసి పంపింది. పుట్టిన రోజే ఆయుష్షు రాసిపెట్టిన జన్మ నాది. ఆ రాతప్రకారం పోయి ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడు నాలో ఎవరెవరి రక్తం ఎండిపోయి ఉందో నాకు తెలుసు. అదే నన్ను పట్టి పీడిస్తోంది.

విశాఖ చేపలరేవు వెనక సందులో ఒక చిన్న కేంద్రం ఉంది. మత్తుమందు ఎక్కించుకునేవాళ్లకు రత్నక్క అక్కడ కొత్త సూదులు ఉచితంగా ఇస్తుంది, పాతవి వెనక్కి తీసుకుంటుంది. మానేయమని చెబుతుంది. మానలేనివాడికి, ఒకడి సూది ఇంకొకడు ముట్టొద్దని చెబుతుంది. ఆమె భర్త అలా పంచుకున్న సూదితోనే హెచ్‌ఐవీ తెచ్చుకుని పోయాడు.

ఆమె నన్ను పైడిరాజుకిచ్చింది. వలలు బాగుచేసే పని అతనిది. భార్య ఈశ్వరికి మూడో నెల. ఆ రోజే అతని రక్తపరీక్ష ఫలితం వచ్చింది. "నీకు లేదురా" అంది రత్నక్క. ఏదైనా లేదంటే మొహం ముడుచుకునే మనుషులనే చూశాను గానీ, లేదన్నందుకు చంటిపిల్లాడిలా ఏడ్చినవాణ్ణి అతన్నే చూశాను. బిడ్డ పుట్టేదాకా ఈ "లేదు" అన్న మాట నిలబెట్టుకుంటానని ఆమె ముందు ఒట్టేశాడు.

అతని స్నేహితుడు నూకరాజు. పరీక్ష అంటే భయపడి ఎగ్గొట్టాడు. రత్నక్క అతనికీ ఒక కొత్త సూది ఇచ్చింది. సందు మొదట్లో హెడ్ కానిస్టేబుల్ వరహాలు నిలబడి ఉన్నాడు. జేబులో సూది ఉన్నవాడు దొంగ అని ఆయన లెక్క. ఆయన నూకరాజు సూదిని బూటుతో నలిపేసి, అతన్ని స్టేషన్‌కు తీసుకుపోయి అరికాళ్లు వాచేలా కొట్టాడు. పైడిరాజు గోడ దూకి పారిపోయి, పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఇటుకల సందున నన్ను దాచాడు.

ఆ తరవాత కొత్త సూదులు పట్టుకెళ్లమని రత్నక్క ఎంత బతిమాలినా ఇద్దరూ ముట్టలేదు.

"జేబులో నీ సూదుంటే తంతారక్కా. కాళీ జేబైతే ఇంటికి పోనిత్తారు" అన్నాడు నూకరాజు.

ఏం తప్పు పడతాం? వాచింది అతని కాళ్లు.

అలా ఇద్దరికీ నేనొక్కదాన్నే దిక్కయ్యాను. ముందు నూకరాజు, తరవాత పైడిరాజు. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటి చెబుతాను. నన్ను వాళ్లు ఎప్పుడూ చేతినుంచి చేతికి ఇచ్చుకోలేదు. సూది చేతికిస్తే తగువులొస్తాయని చిన్నప్పుడు అమ్మలు చెప్పారట. అందుకని నూకరాజు నన్ను ఇటుక మీద పెట్టేవాడు, పైడిరాజు అక్కణ్ణుంచి తీసుకునేవాడు. స్నేహం చెడకూడదని అంత జాగ్రత్త! కొళాయి నీళ్లతో కడిగితే శుభ్రమైపోయిందనుకునేవారు. నీళ్లకు పోయింది ఎరుపొక్కటే. నూకరాజు రక్తంలో అది ఉందని నాకు మొదటిసారే తెలిసింది. ఎలా తెలిసిందని అడక్కండి, వాళ్లను అంత లోపలినుంచి ఎరిగినవాళ్లు ఇంకెవరున్నారు? నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

నెలలు గడిచాక ఒక పొద్దున వరహాలు ఫ్యాక్టరీలోకే వచ్చాడు. ఇద్దరి జేబులూ వెతికాడు, ఏమీ లేదు. గోడ సందులో చెయ్యి పెట్టాడు. నేను ఆయన వేల్లో దిగాను.

ఎవడిదిరా ఇదని మొదట గద్దించాడు. ఎవరూ పలకలేదు. నాదంటే లాకప్పు, ఆ పాఠం నేర్పింది ఆయనే. వేలి మీద రక్తపు బొట్టు చూసుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"నాకూ పిల్లలున్నార్రా. ఎవలిదో సెప్పండి, కేసెట్టను."

అయినా ఇద్దరూ ఆయన మాట నమ్మలేదు. పైడిరాజు మాత్రం పరుగెత్తుకెళ్లి రత్నక్కను తీసుకొచ్చాడు. ఆమె ఆయన వేలు సబ్బుతో కడిగించింది. నన్ను పట్టకారుతో తీసి మందపాటి డబ్బాలో వేసింది. ఒక్క పోటుకే అంటుకోవడం అరుదని, అయినా మూడు రోజుల్లోపు మొదలుపెడితే రాకుండా ఆపే మాత్రలున్నాయని, నెల్లాళ్లు మింగాలని చెప్పి పెద్దాసుపత్రికి ఆటో ఎక్కించింది. ఆయన దండం పెట్టి వెళ్లాడు.

ఆటో కనుమరుగయ్యాక పైడిరాజు ఆమె దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఆ మాత్రలు నాకూ ఇప్పిత్తావా?"

ఎన్నాళ్లనుంచి పంచుకుంటున్నారని అడిగింది రత్నక్క. అతను వేళ్లు ముడిచి లెక్కపెట్టబోయి ఆగిపోయాడు. నూకరాజు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ మూడు రోజుల గడువు ఎప్పుడో దాటిపోయిందని ఆమెకు అర్థమైంది. ఇద్దరూ ఇవాళే పరీక్షకు రావాలంది. ఒకవేళ ఉన్నా బతికించే మందులున్నాయంది, ఈశ్వరిని కూడా తీసుకొస్తే కడుపులో బిడ్డకు సోకకుండా చూడొచ్చంది. అన్నీ నిజాలే.

పైడిరాజు అన్నీ విన్నాడు, తల ఊపాడు, అడుగు మాత్రం వేయలేదు.

"దానికి తొమ్మిదో నెలక్కా. ఏటని సెప్పి తీసుకురాను?"

రత్నక్క డబ్బా మూత బిగించింది. ఆమె చేతిలో డబ్బా, డబ్బాలో నేను. అతని రక్తం ఇంకా నాలో ఉంది.