అక్క కూర్చునే ఎత్తు

మార్కండేయ ఇళ్ల ప్లాన్లు గీయబట్టి పన్నెండేళ్లు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని అతని గదికి కంప్యూటర్ వచ్చి మాత్రం ఎనిమిది నెలలే. అయినా దాన్ని తానే కని పెంచినట్టు మాట్లాడతాడు. తెర మీద ఇల్లు నిలబెట్టి చుట్టూ తిప్పి చూపిస్తుంటే గిరాకీలు నోరెళ్లబెట్టాల్సిందే.

ఆ బుధవారం మాత్రం ఇల్లు తిప్పి చూపించడానికి అతనే జంకాడు. చూడవచ్చింది అక్క సుభద్రమ్మ. ఎల్లారెడ్డిలో కట్టే ఇల్లు ఆమెది. బావ లింబాద్రి దుబాయి నుంచి "బామ్మర్ది ఎట్ల గీస్తే గట్లనే" అని ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నాడు. మేస్త్రీ బాలమల్లు రేపు పొద్దున కిటికీ చౌకట్లు నిలబెడతాడు. ఒకసారి గోడలో పడ్డాక అవి కదలవు. ఆలోపు అక్కకు ఇల్లు నచ్చాలి. ఈ తమ్ముణ్ని పాలిటెక్నిక్ దాకా చదివించింది ఆమె చుట్టిన బీడీలే. ఆ మాట పైకి అంటే తిడుతుంది కాబట్టి అతను అనడు.

పైనుంచి చూపించాడు. ముందునుంచి, మూలనుంచి చూపించాడు. తిప్పిన ప్రతిసారీ తెర నల్లబడి గీతలు ఒక్కొక్కటే వచ్చేవి. చివరికి తాను ముచ్చటపడి గీసిన గది తీశాడు. అక్క బీడీలు చుట్టుకోవడానికే, వీధివైపు గది. దుమ్ము పడకుండా కిటికీని నాలుగడుగుల ఎత్తున పెట్టాడు.

"మంచిగున్నదిరా తమ్మీ," అంది సుభద్రమ్మ.

నచ్చని చీరను ఎవరైనా ప్రేమగా పెడితే ఆమె సరిగ్గా ఇలాగే అంటుంది.

"నిజం చెప్పు అక్కా."

"నేనేడ కూసుంట గిండ్ల?"

"గా కిటికీ కాడ."

"కుర్చేసుకోనా?" అని నవ్వి, ఆమె దబ్బున నేల మీద కూర్చుంది. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి, ఒళ్లో బీడీల చాట ఉన్నట్టే చేతులు పెట్టుకుంది. "గీడికెల్లి సూపెట్టు."

ఏ ఎత్తునుంచి చూడాలో కంప్యూటర్‌కు మనమే చెప్పాలి. మార్కండేయ ఎప్పుడూ ఐదున్నర అడుగులు కొడతాడు. అది అతని కంటి ఎత్తు. ఇంకో ఎత్తు ఉంటుందని ఇన్నాళ్లూ తట్టలేదు మహానుభావుడికి. టేపు తీసి అక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నేలనుంచి ఆమె కంటిదాకా కొలిచాడు.

"మెల్లగరా, కంట్ల వొడుస్తవా ఏంది!"

రెండడుగుల ఐదంగుళాలు. ఆ అంకె కొట్టాడు. గీతలు వచ్చాయి. గోడ, గోడ, మళ్లీ గోడ. ఎక్కడో పైన కిటికీ, అందులో ఖాళీ ఆకాశం. వీధి లేదు.

మార్కండేయకు సిగ్గేసింది. ఊళ్లో అందరి ఇళ్లూ ఊహించగలిగినవాడు, తాను పుట్టినప్పటినుంచి చూస్తున్న మనిషి ఎలా కూర్చుంటుందో ఊహించలేకపోయాడు.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"ఆకు కత్తిరియ్య ఒళ్లె ఎలుగు వడాలె. పొయ్యేటోళ్లతోటి నాలుగు మాటలు మాట్లాడకుంటె నాకు పొద్దువోదు. గని నువ్వు గంత ఇష్టంగ గీస్తివి. తలుపు కడపల కూసుంటె అయితది తియ్ అనుకున్న."

మార్కండేయ కిటికీని నేలనుంచి అడుగు ఎత్తుకు దించాడు. "మొదటి బస్సుకే వస్త. నేనొచ్చేదాంక చౌకట్లు ముట్టొద్దని బాలమల్లుకు చెప్పు," అన్నాడు. తెర మీద కిటికీ నిండా వీధి పరుచుకుంది.

సుభద్రమ్మ లేచి తెర దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు రోడ్డు మీదికెల్లి సూపెట్టు. ఐతారం నువ్వు బస్సు దిగి వస్తుంటె ఎట్ల కనవడ్త నేను?"

వీధిలోంచి తిప్పాడు. కిటికీ లోపల నేల కనిపించింది. ఖాళీ నేల.

"ఏది, నేనేడున్న?"

మనుషులను గీయడం అతనికి రాదు. చిన్న పెట్టె ఒకటి గీసి కిటికీ దగ్గర పెట్టాడు. "ఉత్త డబ్బా అక్కా," అన్నాడు మొహమాటంగా.

ఆమె తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి, ఆ డబ్బాను చాలాసేపు చూసింది.

"నేనే," అంది. "జర ఎలుగు దిక్కు జరుపురా నన్ను."